రాగి ఇచ్చి రోడ్డు తీసుకున్న దేశం

విశాఖ నుంచి అరకు వెళ్లే రైలెక్కినవాళ్లలో చాలామందికి ఇది అనుభవమే. సొరంగం దాటి వెలుతురులోకి వచ్చాక, కొండ అంచున ఏదో చిన్న స్టేషన్లో మన బండి ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పరు. కాసేపటికి ఎదురుగా ఎర్రటి ధూళి పట్టిన గూడ్సు బండి మెల్లగా దిగుతుంది. పిల్లలు వ్యాగన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో లెక్క తప్పి మళ్లీ మొదటికొస్తారు. పెద్దవాళ్లు గడియారం చూసుకుంటారు. ఆ వ్యాగన్లలో ఉండేది బైలదిలా కొండల ఇనుప ఖనిజం. అసలు ఆ లైను వేసింది ఆ గూడ్సు కోసమే. మనం ఎక్కిన పాసింజరు తర్వాత వచ్చి చేరింది.

1960లో భారత్, జపాన్ ఒక ఒప్పందం చేసుకున్నాయి. యుద్ధం నుంచి లేచి నిలబడుతున్న జపాన్ ఉక్కు కర్మాగారాలకు ఖనిజం కావాలి. మనకు విదేశీ మారకం కావాలి. బైలదిలా నుంచి ఏటా 40 లక్షల టన్నులు పంపాలన్నది మాట. గని తవ్వడానికీ, కొండలు తొలిచి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్ల లైను వేయడానికీ, విశాఖ రేవును సిద్ధం చేయడానికీ అప్పుడే పూనుకున్నారు. జపాన్ ఆర్థిక సాయం కూడా అందింది. 1960ల చివరికల్లా ఖనిజం ఓడలెక్కింది. అరకు లోయకు రైలు వచ్చింది అలాగే. వేరే దేశానికి ఖనిజం కావాలి కాబట్టి మన కొండల్లో సొరంగాలు పడ్డాయి.

ఈ కథ ముందు చెప్పడానికి కారణం ఉంది. ఆఫ్రికాలో చైనా రోడ్లు వేస్తోంది, రైళ్లు వేస్తోంది, ఖనిజం పట్టుకుపోతోంది అని పేపర్లో చదివినప్పుడు మనకు అదేదో దూరదేశపు వింతలా అనిపిస్తుంది. అది మన వాకిట్లో జరిగిన వ్యవహారమే. తేడా అంతా కాగితంలో ఉంది. ఎవరు కొలిచారు, ఎవరి పేరు మీద రాసుకున్నారు, ధర ఎవరు కట్టారు అన్నచోట ఉంది. ఆ కాగితం సంగతి తెలియాలంటే కాంగోను మించిన పాఠం లేదు.

డెమోక్రాటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగో వైశాల్యంలో భారతదేశంలో మూడింట రెండు వంతులకు పైనే. ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో 70 శాతానికి పైగా అక్కడిదే. మన ఫోన్ బ్యాటరీలో, కొన్ని రకాల ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీల్లో ఉండే లోహం అది. రాగి ఉత్పత్తిలోనూ ప్రపంచంలో మొదటి రెండు మూడు స్థానాల్లో ఉంటుంది. అంత సంపద ఉన్న దేశంలో కరెంటు అందేది ప్రతి ఐదుగురిలో సుమారు ఒక్కరికి. రాజధాని కిన్షాసా నుంచి గనుల ప్రాంతమైన లుబుంబాషికి నమ్మకంగా చేరాలంటే విమానమే దిక్కు. దేశాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు కలిపే సరైన రోడ్డు లేదు.

రోడ్లు లేకపోవడం వెనుక చరిత్ర ఉంది. బెల్జియం రాజు లియోపోల్డ్ ఆ దేశాన్ని సొంత ఆస్తిలా ఏలిన కాలంలో, 1890 నుంచి 1898 దాకా, మటాడి రేవు నుంచి నేటి కిన్షాసాకు ఒక రైలు మార్గం వేశారు. జలపాతాల వల్ల నదిలో ఓడలు సాగని చోటును దాటించడానికి వేసిన లైను అది. ఏనుగు దంతం, రబ్బరు సముద్రం దాకా చేరాలి. కట్టేటప్పుడు చనిపోయిన కూలీలు అధికారిక లెక్కలోనే 1,800 మంది ఆఫ్రికన్లు. తర్వాత కటంగా ప్రాంతపు రాగి కోసం ఇంకొన్ని లైన్లు వచ్చాయి. అన్నీ గని నుంచి రేవుకే. ఊరి నుంచి ఊరికి ఒక్కటీ లేదు. వలస పాలకులు వేసిన రైలు పటం చూస్తే చెట్టు వేళ్లలా కాకుండా నీరు తోడే గొట్టాల్లా కనిపిస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చి, నియంత మొబుటు పాలన పోయి, యుద్ధాలు సాగి, 2006 ఎన్నికల తర్వాత జోసెఫ్ కబిలా ప్రభుత్వం కుదురుకునేసరికి ఖజానాలో ఏమీ లేదు. పాత అప్పులే 1,000 కోట్ల డాలర్లకు పైగా ఉన్నాయి. కొత్త అప్పు ఇచ్చేవాళ్లు లేరు. ఆ సమయంలో చైనా కంపెనీలు వచ్చి, మీకు డబ్బు లేకపోతేనేం, రాగి ఉందిగా అన్నాయి.

ఇలాంటి బేరం ఎలా నడుస్తుందో మన ఊరి భాషలో చెప్పుకుంటే తేలిగ్గా తెలుస్తుంది. మామిడి తోటలున్న ఊళ్లలో పూత మీదే తోటను గుత్తకు ఇవ్వడం మామూలు. ఒక రైతుకు ఇల్లు కట్టుకోవాలని ఉంది, చేతిలో డబ్బు లేదు, పదెకరాల తోట ఉంది. వ్యాపారి వచ్చి, “ఇల్లు నేనే కట్టిస్తా బాబాయ్, మేస్త్రీ నా మనిషే, సిమెంటు నా కొట్టులోదే, నువ్వు రూపాయి తీయక్కర్లేదు, ఖర్చు తీరేదాకా కాపు నాది” అంటాడు. వినడానికి బాగుంది. రైతుకు ఏడాదిలో ఇల్లు లేస్తుంది.

ఇక్కడ రైతు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇంటికి ఎంతైందో ఎవరు చెప్తారు? మేస్త్రీ, సిమెంటు వ్యాపారివే కాబట్టి అతను చెప్పిందే లెక్క. కాయలు ఎవరి కాటా మీద తూస్తారు? టన్ను ఎంతకు కట్టుకుంటారు, ఈ ఏటి ధరకా, ఆ ఏటి మార్కెట్ ధరకా? కాపు బాగా వచ్చి అప్పు తొందరగా తీరితే మిగతా కాయ ఎవరిది? నాలుగేళ్లకు గోడ బీటలిస్తే ఎవరు బాగుచేస్తారు? ఇవన్నీ ముందే రాసుకుంటే అది మంచి బేరమే. బ్యాంకు గడప తొక్కలేని రైతుకు అంతకంటే మంచి దారి దొరక్కపోవచ్చు కూడా. రాసుకోకపోతే ఇల్లు ఉంటుంది కానీ తోట ఎప్పటికి తిరిగొస్తుందో ఎవరికీ తెలియదు.

కాంగోలో వ్యాపారి స్థానంలో చైనా రైల్వే గ్రూపు, సైనోహైడ్రో అనే నిర్మాణ సంస్థలు ఉన్నాయి. వాటి వెనక అప్పిచ్చేది చైనా ఎగ్జిమ్ బ్యాంకు. తోట స్థానంలో కొల్వేజి దగ్గర సుమారు కోటి టన్నుల రాగి ఉన్న గనులు. 2008 ఏప్రిల్‌లో సంతకాలయ్యాయి. సికోమైన్స్ అనే ఉమ్మడి కంపెనీ పుట్టింది. అందులో చైనా సంస్థల వాటా 68 శాతం, కాంగో ప్రభుత్వ గనుల సంస్థ జెకామిన్ వాటా 32 శాతం. మొత్తం 900 కోట్ల డాలర్ల ఒప్పందం. అందులో 600 కోట్లు రోడ్లు, ఆస్పత్రులు, రైలు మార్గాలకు, 300 కోట్లు గని తెరవడానికి. గని లాభాలతో రెండు అప్పులూ తీరాలి. తీరేదాకా కంపెనీకి పన్నుల మినహాయింపు.

ఈ పద్ధతిలో గమనించాల్సిన విషయం ఒకటుంది. రోడ్డు డబ్బు కిన్షాసాకు రాదు. బీజింగ్ బ్యాంకు నుంచి చైనా కంపెనీ ఖాతాకే వెళ్తుంది. నగదు చేతికిస్తే మంత్రుల జేబుల్లోకి పోతుంది, రోడ్డు రూపంలో ఇస్తే రోడ్డయినా మిగులుతుంది అనేది దీనికి చెప్పే సమర్థన. అందులో నిజం లేకపోలేదు. చమురు అమ్మిన డబ్బు మాయమైపోయిన దేశాలు ఆఫ్రికాలో ఉన్నాయి. కానీ డబ్బు దేశంలోకి రాకపోతే టెండరూ ఉండదు. కిలోమీటరు రోడ్డుకు ఎంతైందో కట్టినవాడు చెప్పాల్సిందే. దొంగతనానికి ఒక తలుపు మూసి ఇంకో తలుపు తెరిచినట్టయింది.

చైనావాళ్లు ఇది కొత్తగా కనిపెట్టలేదు. వాళ్లు కూడా ఒకప్పుడు తోట గుత్తకిచ్చిన రైతులే. 1978లో చైనా, జపాన్ దీర్ఘకాల వాణిజ్య ఒప్పందం చేసుకున్నాయి. చైనా చమురు, బొగ్గు పంపుతుంది, జపాన్ సుమారు 1,000 కోట్ల డాలర్ల విలువైన యంత్రాలు, కర్మాగారాలు ఇస్తుంది. ఆ యంత్రాలతో చైనా తన పరిశ్రమ కట్టుకుంది. ఆఫ్రికాకు అదే పాఠం పట్టుకెళ్లింది. 2004లో అంగోలాకు చమురు హామీ మీద 200 కోట్ల డాలర్లు ఇచ్చినప్పటి నుంచి దీనికి ‘అంగోలా పద్ధతి’ అనే పేరు పడింది.

మరి కాంగోలో ఏమైంది? మొదటి దెబ్బ కొద్ది నెలల్లోనే పడింది. 2008 జూలైలో టన్ను రాగి 8,000 డాలర్లు దాటి ఉండగా, అమెరికా బ్యాంకుల సంక్షోభంతో డిసెంబరుకు 3,000 డాలర్లకు దిగింది. గని లాభాల మీద ఆధారపడిన అప్పుకు అది గుండెలు బాదుకునే వార్త. రెండో దెబ్బ అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి. పాత అప్పు మాఫీ కావాలంటే కొత్త అప్పుకు ప్రభుత్వం హామీ ఉండటానికి వీల్లేదని పట్టుబట్టింది. 2009లో ఒప్పందాన్ని 600 కోట్లకు కుదించారు. కోత పడింది గని మీద కాదు, రోడ్ల మీద. 600 కోట్ల రోడ్లు కాస్తా 300 కోట్లయ్యాయి. 2010లో కాంగోకు సుమారు 1,230 కోట్ల డాలర్ల అప్పు మాఫీ అయింది. అది చిన్న లాభం కాదు. కానీ తోట మొత్తం అలాగే పోయి, ఇల్లు మాత్రం సగమైంది.

2015లో గని నుంచి రాగి రావడం మొదలైంది. ఈలోగా కిన్షాసాలో ‘జూన్ 30’ అనే ప్రధాన వీధిని వెడల్పు చేశారు. దశాబ్దాలుగా అసంపూర్తిగా నిలిచిపోయిన పెద్ద ఆస్పత్రి భవనం పూర్తయింది. కొన్ని రోడ్లు పడ్డాయి. బుసంగ దగ్గర 240 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం కట్టారు. ఆ కరెంటు మాత్రం ప్రధానంగా గని కోసం. కొల్వేజి పేటల్లో ఇళ్లు చీకట్లోనే ఉండగా హైటెన్షన్ తీగలు వాటి మీదుగా వెళ్తాయి.

2023 ఫిబ్రవరిలో కాంగో ప్రభుత్వ ఆర్థిక తనిఖీ సంస్థ లెక్కలు తీసింది. 300 కోట్ల డాలర్ల పనుల్లో పదిహేనేళ్లకు జరిగింది 82.2 కోట్ల పనే అని తేల్చింది. గనుల విలువను మొదట్లోనే తక్కువ కట్టారని, అందుకే కాంగో వాటా 32 శాతానికి పరిమితమైందని కూడా అంది. సికోమైన్స్ ఆ లెక్కను ఒప్పుకోలేదు. అయితే ఆ నివేదిక చేతిలో పట్టుకుని అధ్యక్షుడు ఫెలిక్స్ షిసెకెడి అదే ఏడాది మేలో బీజింగ్ వెళ్లాడు. 2024 మార్చిలో ఒప్పందం మారింది. రోడ్లు తదితర నిర్మాణాలకు 700 కోట్ల డాలర్లు, ఏటా 32.4 కోట్ల చొప్పున. వాటాలు మాత్రం పాతవే, 68, 32. అదనంగా అమ్మకాల మీద 1.2 శాతం రాయల్టీ, బుసంగ కేంద్రంలో వాటా.

ఇందులో ఒక మెలిక ఉంది, దాన్ని ఆగి చూడాలి. ఏటా 32.4 కోట్లు రావాలంటే టన్ను రాగి ధర 8,000 డాలర్లు పైన ఉండాలి. ధర పడితే రోడ్ల డబ్బూ పడుతుంది. అంటే వాన పడని ఏడాదే ఇంటికప్పు వేయిస్తానన్నట్టు. రాగి ధర పడినప్పుడే కదా ప్రభుత్వ ఆదాయం తగ్గేది, రోడ్ల డబ్బు అవసరమయ్యేది అప్పుడే. ధర రిస్కు ఎవరు మోయాలన్నది ఇలాంటి బేరాల్లో అన్నిటికంటే పెద్ద ప్రశ్న. 2024లో కూడా అది కాంగో నెత్తినే పడింది. నా దృష్టిలో కొత్త ఒప్పందంలో అతిపెద్ద లోపం ఇదే.

అలాగని తప్పంతా చైనావాళ్ల మీద తోస్తే కాంగో ప్రజలకు అన్యాయం చేసినట్టే. 2010 నుంచి 2012 మధ్య గనుల ఆస్తులను తక్కువ ధరకు విదేశీ కంపెనీలకు కట్టబెట్టడం వల్ల కాంగో 136 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయినట్టు అమెరికా ఖజానా శాఖే 2017లో ప్రకటించింది. ఆ కొన్నవాళ్లు చైనావాళ్లు కాదు. కొన్నవాడు ఏ దేశం వాడైనా, అమ్మినవాళ్లు కిన్షాసాలో కూర్చున్నవాళ్లే. మన చేతులూ పూర్తిగా శుభ్రం కావు. మన ఎగ్జిమ్ బ్యాంకు అప్పుతో కసాయ్ ప్రాంతంలో మొదలైన 64 మెగావాట్ల కటెండే జలవిద్యుత్ ప్రాజెక్టు పని ఆగిపోయి ఏళ్ల తరబడి అసంపూర్తిగా ఉండిపోయింది.

ఇప్పుడు అమెరికా, ఐరోపా కూడా రంగంలోకి దిగాయి. అంగోలాలోని లొబిటో రేవు నుంచి కాంగో సరిహద్దు దాకా 1,300 కిలోమీటర్లకు పైగా ఉన్న బెంగ్వెలా రైలు మార్గం మీద అందరి కన్నూ పడింది. దీన్ని వేసింది రాబర్ట్ విలియమ్స్ అనే స్కాట్లండ్ వ్యాపారి కంపెనీ, కటంగా రాగి కోసం. 1975 తర్వాత అంతర్యుద్ధంలో పాడైంది. అంగోలా చమురు డబ్బుతో చైనా కంపెనీ బాగుచేసి 2015లో మళ్లీ తెరిచింది. 2022లో నడిపే హక్కు 30 ఏళ్లకు ట్రాఫిగురా, మోటా-ఎంజిల్ కంపెనీలున్న బృందానికి దక్కింది. దానికి అమెరికా ప్రభుత్వ సంస్థ 55.3 కోట్ల డాలర్ల అప్పు ఇవ్వడానికి ముందుకొచ్చింది. 2024 డిసెంబరులో అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్ స్వయంగా అంగోలా వెళ్లాడు. ఒకే లైను, నూరేళ్లలో ముగ్గురి చేతులు మారింది. బండి వెళ్లే దిక్కు మాత్రం మారలేదు, గని నుంచి రేవుకే.

ఆ రైలు పూర్తి స్థాయిలో నడిచేదాకా ఎక్కువ రాగి లారీల్లోనే పోతోంది. కాంగో, జాంబియా సరిహద్దులోని కసుంబలేసా దగ్గర లారీల వరుస కిలోమీటర్ల పొడవు ఉంటుంది. డ్రైవర్లు రోజుల తరబడి అక్కడే వండుకుని, లారీ కిందే పడుకుంటారు. లారీ మీద గజం వెడల్పు రాగి పలకల కట్టలు, ఇనుప పట్టీలు బిగించి ఉంటాయి. ఒక లారీకి సుమారు 30 టన్నులు. టన్ను 9,000 డాలర్ల చొప్పున లెక్క కట్టినా ఒక్క లారీ సరుకు విలువ 2,70,000 డాలర్లు, మన డబ్బులో రెండు కోట్లకు పైమాటే. ఆ లారీ వెళ్లే రోడ్డు పక్కన బొగ్గు బస్తాలు, టమాటాలు పేర్చుకుని అమ్మే ఆడవాళ్లు కూర్చుంటారు. వానాకాలం అంత బరువు మోసిన తారు చిట్లి గుంతలు పడుతుంది. ఆ గుంత పూడ్చే డబ్బు ఎవరిదన్నది చాలా ఒప్పందాల్లో కనిపించదు. రోడ్డు వేయడానికి పరదేశి వస్తాడు, రిబ్బను కత్తిరించి ఫొటో దిగుతాడు. పదేళ్ల మరమ్మతు మాత్రం సొంత ఖజానా పని, ఆ ఖజానాకు ఇలాంటి గని నుంచి అప్పు తీరేదాకా పన్ను రాదు.

ఇంత చెప్పాక, ఇది ఎక్కడా బాగుపడలేదా అని అడగడం న్యాయం. బోట్స్వానాను చూడవచ్చు. వజ్రాలు దొరికినప్పుడు అదీ బీద దేశమే. డీ బీర్స్ కంపెనీతో కలిసి 1969లో పెట్టిన ఉమ్మడి సంస్థలో ప్రభుత్వ వాటా మొదట తక్కువ. 1970ల మధ్యకల్లా దాన్ని 50 శాతానికి పెంచుకుంది. అంతటితో ఆగలేదు. రాళ్లను వేరుచేసి వెల కట్టడం నేర్చుకుంది. ఒకప్పుడు లండన్‌లో జరిగే ఆ పనిని 2013 నాటికి తన రాజధాని గాబొరోన్‌కు రప్పించుకుంది. ఒప్పందం గడువు తీరిన ప్రతిసారీ బల్ల ముందు కూర్చుని కొత్తగా బేరమాడింది. వజ్రాల గిరాకీ తగ్గడంతో ఇప్పుడు ఆ దేశమూ ఇబ్బందుల్లో ఉంది, దాన్ని దాచక్కర్లేదు. అయినా కాటా తన చేతిలో పెట్టుకున్న దేశానికీ, ఎదుటివాడి కాటాను నమ్మిన దేశానికీ తేడా అక్కడి బళ్లలో, రోడ్లలో కనిపిస్తుంది.

మన బైలదిలా బేరంలోనూ ఇలాంటి జాగ్రత్త ఉంది. గని జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ చేతిలో, లైను మన రైల్వే చేతిలో ఉండిపోయాయి. జపాన్ కొన్నది ఖనిజాన్నే, గనిని కాదు. అందుకే జపాన్ కొనుగోళ్లు తగ్గినా లైను మనకు మిగిలింది. అయితే ఆ కొండల కింద దంతెవాడ ఆదివాసులకు ఆ సంపదలో ఎంత దక్కిందన్నది వేరే ప్రశ్న. ఎర్రబారిన వాగుల నీళ్లు తాగిన ఊళ్లకు ఆ ఒప్పందంలో చోటు లేదు. దేశం గెలిచిన బేరంలో కూడా ఒక ఊరు ఓడిపోవచ్చు.

ఇప్పుడు మన దేశం బల్లకు అవతలి వైపు కూర్చుంటోంది. 2024 జనవరిలో మన ప్రభుత్వ సంస్థల ఉమ్మడి కంపెనీ కాబిల్ అర్జెంటీనాలోని కటమార్కాలో లిథియం కోసం ఒప్పందం చేసుకుంది. జాంబియాలో కోబాల్ట్, రాగి అన్వేషణకు 9,000 చదరపు కిలోమీటర్లు మనకు కేటాయించారు. అక్కడ రేపు మనమే గని తవ్వాల్సి వస్తే, రోడ్డు వేయాల్సి వస్తే, రాగి ఎంతకు కొన్నాం, రోడ్డు ఎంతకు కట్టాం, ధర పడితే నష్టం ఎవరిది అన్న కాగితాలు అక్కడి ఊళ్లవాళ్లకూ, మనకూ చదవడానికి దొరకాలి. పార్లమెంటు సభ్యుల్ని మనం అడగాల్సింది అది. గనుల లెక్కలు బయటపెట్టే అంతర్జాతీయ పారదర్శకతా వేదిక ఒకటి ఉంది. అందులో చేరిన దేశాలు 2021 నుంచి కుదిరే గనుల ఒప్పందాలను ప్రచురించాలి. కాంగో అందులో ఉంది. జాంబియా ఉంది. భారతదేశం ఇంకా చేరలేదు.